వాగు దారికి అడ్డంగా రోడ్డు: చిలకలూరిపేట మైదానంలో వంతెనల చరిత్ర

కొండవీటి కొండల పాదాల నుంచి బాపట్ల తీరం వరకు పరుచుకున్న నల్లరేగడి మైదానం వాయవ్యం నుంచి ఆగ్నేయానికి చాలా మెల్లగా వాలుతుంది. ఆ వాలును అనుసరించి కుప్పగంజి, ఓగేరు, నక్కవాగు వంటి ప్రవాహాలు తూర్పుకు నడిచి, నల్లమడ డ్రెయిన్‌లో కలిసి, బాపట్ల ప్రాంతపు పల్లపు పొలాల గుండా సముద్రానికి చేరతాయి. మద్రాసు నుంచి కలకత్తాకు పోయే ప్రధాన రహదారి మాత్రం తీరానికి సమాంతరంగా, అంటే ఈ వాలుకు అడ్డంగా సాగుతుంది. కాబట్టి ఒంగోలు, మేదరమెట్ల, మార్టూరు, చిలకలూరిపేట, యడ్లపాడు, గుంటూరు అనే వరుసలో ఆ రోడ్డు ఎటు జరిగినా ఏదో ఒక నీటిదారిని తెగకోయక తప్పదు. వంతెన కూలిందన్న వార్త వినగానే చదువరి మనసు సహజంగా పైన వెళ్లే లారీల బరువు వైపు, సిమెంటులో జరిగిన మోసం వైపు పోతుంది. తెలుగు నేల మీద జరిగిన పెద్ద ప్రమాదాల చరిత్ర మాత్రం కింద పారే నీటి వైపు, అందులోనూ కృష్ణా గోదావరుల వంటి మహానదుల వైపు కాక, వేసవిలో పశువులు నడిచి దాటే చిన్న వాగుల వైపు దృష్టి మళ్లిస్తుంది.

వంతెనలు రాకముందు ఈ మైదానంలో రాకపోకలకు ఒక రుతుధర్మం ఉండేది. పత్తి తీతలు, మిరప కోతలు సంక్రాంతి తరువాత ఊపందుకుని వేసవి దాకా సాగుతాయి; ఆ నెలల్లో వాగులు ఎండి ఉంటాయి, రేగడి గట్టిపడి బండి చక్రాన్ని మోస్తుంది. సరుకు బండ్లు ఆ కాలంలోనే కదిలేవి, తొలకరి పడగానే బాట అడుసుగా మారి బండ్లు నిలిచిపోయేవి, ఆ నాలుగు నెలలూ వాగు తన దారిని తాను వాడుకునేది. 1830 మే నెలలో మద్రాసు నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి చేరిన ఏనుగుల వీరాస్వామి తన కాశీయాత్ర చరిత్రలో బాటల స్థితిని, నదులు దాటిన పద్ధతులను మజిలీ వారీగా నమోదు చేయడం ఆనాటి ప్రయాణంలో నీటిని దాటడమే ప్రధాన సమస్య అని చూపుతుంది. మహాశివరాత్రికి పురుషోత్తమపట్నం, కావూరు వంటి ఊళ్ల నుంచి కోటప్పకొండకు ఎత్తైన ప్రభలు కదిలే ఆచారం కూడా మాఘమాసం చివర, నేల ఎండి వాగులు తగ్గిన రోజుల్లోనే పడుతుంది; అంత ఎత్తు, అంత బరువు ఉన్న కట్టడాలను తరాల తరబడి మైదానం మీదుగా లాగించగలిగిన నేర్పులో ఆ కాల నిర్ణయానికి కూడా భాగం ఉంది.

ఈ రుతుధర్మాన్ని చెరపకుండా దారిని మెరుగుపరచిన తొలి కట్టడం చప్టా. వాగు అడుగు మట్టానికి కొద్దిగా పైన రాతితో గాని కాంక్రీటుతో గాని వేసిన తక్కువ ఎత్తు దాటుబాటే చప్టా. మామూలు రోజుల్లో నీరు దాని కింది తూముల గుండా పోతుంది, వరద వచ్చినప్పుడు దాని మీదుగా పొర్లిపోతుంది. వరద వేళ జనం ఆగుతారు, నీరు ఆగదు. ఎత్తైన వంతెన ఈ ఏర్పాటును తలకిందులు చేస్తుంది. వరదలోనూ బండి ఆగకూడదన్నది దాని లక్ష్యం కనుక, వంతెన మట్టానికి రోడ్డును ఎక్కించడానికి రెండు వైపులా మట్టి కట్టలు పోయాలి. అప్రోచ్‌లు అని పిలిచే ఆ కట్టలు వాగు ఒడ్డున వరద విస్తరించే పల్లపు భూమినంతా మూసివేసి, అరకిలోమీటరు వెడల్పున పరుచుకుని పోవలసిన నీటిని కొద్దిపాటి ఖానాల్లోకి మళ్లిస్తాయి. ఖానా అంటే రెండు స్తంభాల మధ్య నీరు పోయే ఖాళీ. ఈ ఖాళీల మొత్తం ఎంత ఉండాలన్న ప్రశ్నకు ఇంజనీర్లు ఏ కాలంలో ఏ జవాబు ఇచ్చారన్నదే వంతెన భద్రత చరిత్రలో అసలు అధ్యాయం.

గుంటూరు జిల్లాలో రోడ్ల అవసరాన్ని పాలకుల ముందు నిలబెట్టింది 1832–33 నాటి డొక్కల కరువు. జిల్లా జనాభాలో దాదాపు మూడో వంతు నశించిన ఆ ఉత్పాతంలో, ఇతర ప్రాంతాల ధాన్యం ఆకలిగొన్న ఊళ్లకు చేరే దారి లేకపోవడం కూడా మరణాలను పెంచింది. తరువాతి దశాబ్దాల్లో కంపెనీ ప్రభుత్వం ముందుగా నీటి పనుల వైపే మొగ్గింది: 1852–55 మధ్య బెజవాడ వద్ద కృష్ణ మీద ఆనకట్ట లేచింది, కొమ్మమూరు కాలువ, దానితో పెదగంజాం వద్ద కలిసే బకింగ్‌హాం కాలువ సరుకుల పడవలకు దారి ఇచ్చాయి. 1893లో కృష్ణ మీద రైలు వంతెన, 1899లో బెజవాడ–మద్రాసు రైలు మార్గం పూర్తయ్యాయి. ఆ రైలు మార్గం తెనాలి, బాపట్ల, చీరాల మీదుగా తీరానికి దగ్గరగా పోవడంతో చిలకలూరిపేట రైలు లేని ఊరుగా మిగిలింది, నేటికీ అలాగే ఉంది. జిన్నింగు మిల్లుల పత్తి, నూలు మిల్లుల నూలు, పొగాకు, మిరప అన్నీ రోడ్డు మీదనే కదలవలసిన ఊరికి, పక్కనే మరో దారి ఉన్న ఊళ్లతో పోలిస్తే, ప్రతి వాగు మీది ప్రతి వంతెనా ఎక్కువ ముఖ్యం.

మహానదుల మీద కట్టిన వంతెనల విషయంలో ఆ తరం ఇంజనీర్లు చూపిన జాగ్రత్త గౌరవింపదగింది. నది అడుగున ఇసుక ఎంత లోతు వరకు కదులుతుందో తెలియదు కనుక, వారు బావి పునాదులను ఆశ్రయించారు. ఇటుకతో గాని రాతితో గాని కట్టిన బోలు గుండ్రటి గోడను ఇసుక మీద నిలిపి, లోపలి ఇసుకను తోడేస్తూ పోతే, ఆ గోడ తన బరువుతో తానే కిందికి దిగుతుంది. కావలసిన లోతు చేరాక లోపలి భాగాన్ని నింపి దాని మీద స్తంభాన్ని లేపుతారు. రాజమండ్రి వద్ద గ్రాన్‌విల్ వాల్టన్ ఆధ్వర్యంలో లేచి 1900లో రైళ్లకు తెరుచుకున్న 56 ఖానాల హేవలాక్ వంతెన ఇలాంటి పునాదుల మీదనే 1997 వరకు సేవ చేసింది. పెద్ద నది భయపెట్టింది కాబట్టి దాని మీద కొలతలు తీశారు, దాని వరదలను ఏటేటా రాసిపెట్టారు, దాని అడుగును తవ్వి చూశారు. కుప్పగంజి వంటి వాగుకు అంతటి పరిశీలన దొరకలేదు. దాని మీద కల్వర్టు వేయవలసిన ఉద్యోగి చేతిలో ఉన్నది ఒక సూత్రం మాత్రమే.

ఆ సూత్రం 1884 నాటి రైవ్స్ సూత్రం. మద్రాసు ప్రెసిడెన్సీ వాగుల, చెరువుల కోసం తయారైన ఈ లెక్క ప్రకారం, వాగు పరీవాహక ప్రాంతం, అంటే వాన నీరు ఆ వాగులోకి చేరే భూమి మొత్తం, ఎన్ని చదరపు కిలోమీటర్లో తెలుసుకుని, దాన్ని మూడింట రెండు ఘాతానికి పెంచి, ఒక స్థిరాంకంతో గుణిస్తే గరిష్ఠ వరద సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లో వస్తుంది. తూర్పు తీరానికి 80 కిలోమీటర్ల లోపు ప్రాంతాలకు ఆ స్థిరాంకం 6.8, కొండల చేరువన ఉన్న పరిమిత ప్రాంతాలకు 10.2. చిలకలూరిపేట దగ్గర ఈ లెక్క ఎంత సందిగ్ధమో ఒక ఉదాహరణ చూపుతుంది. వంద చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం ఉన్న వాగును తీసుకుంటే, తీరప్రాంతపు స్థిరాంకంతో వరద సుమారు 146 ఘనపు మీటర్లు, అంటే 5,200 క్యూసెక్కులకు కొంచెం తక్కువ; కొండల స్థిరాంకంతో సుమారు 220 ఘనపు మీటర్లు, అంటే 7,700 క్యూసెక్కులు దాటుతుంది. (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు నీరు.) ఈ మైదానం తీరానికి 80 కిలోమీటర్ల లోపే ఉంది, కొండవీటి కొండలకు ఆనుకునీ ఉంది. డ్రాయింగు బల్ల ముందు కూర్చున్న మనిషి ఏ అంకె ఎంచుకున్నాడన్న దాని మీద వంతెన పోనివ్వవలసిన వరద లెక్కలో ఒకటిన్నర రెట్ల తేడా వస్తుంది, రెండు ఎంపికలూ సూత్రానికి లోబడే ఉంటాయి.

అంతకన్నా పెద్ద లోపం ఆ సూత్రంలోనే ఉంది. అది భూమి విస్తీర్ణాన్ని మాత్రమే ఎరుగును. వాన ఎంత వేగంగా కురిసింది, నేల ఎంత నీరు పీల్చింది, వాగు వాలు ఎంత అన్నవి దానికి అక్కర లేదు. నల్లరేగడి స్వభావం ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఎండాకాలంలో నెర్రెలు విచ్చిన రేగడి తొలి వానలను బాగా తాగుతుంది, ఒకసారి తడిసి ఉబ్బాక నెర్రెలు మూసుకుని నీటిని దాదాపుగా లోపలికి పోనివ్వదు. అందుచేత తొలకరిలో పడిన పది సెంటీమీటర్ల వానకు కదలని వాగు, అక్టోబరు, నవంబరు నెలల తుఫానులో అదే వానకు గట్లు దాటుతుంది. మైదానానికి పైన ఉన్న చెరువులనూ ఆ సూత్రం లెక్కించదు. తెలుగు దేశపు చెరువులు చాలాచోట్ల గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. అలుగు చాలక పై కట్టకు గండి పడితే, కింది చెరువు కట్ట కూడా ఆ పోటుకు తెగి, రోజంతా మెల్లగా రావలసిన నీరు గంటలోనే వాగులో పడుతుంది. ఏ వర్షపాత రికార్డులోనూ కనిపించని ఆ వరదకు మొదట ఎదురయ్యేది దిగువన ఉన్న రోడ్డు కట్టో రైలు కట్టో అవుతుంది.

ఈ లోపానికి ప్రాణాలతో మూల్యం చెల్లించింది ముందుగా రైలు ప్రయాణికులు. 1954 సెప్టెంబరు చివర జనగామ ప్రాంతంలో ఒక వాగు మీది రైలు వంతెన వరదకు కొట్టుకుపోయి వందమందికి పైగా చనిపోయారు. రెండేళ్లు తిరగకుండానే, 1956 సెప్టెంబరు 2న, మహబూబ్‌నగర్–జడ్చర్ల మధ్య మరో చిన్న వంతెన కూలి మళ్లీ వందమందికి పైగా మరణించారు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వగా నెహ్రూ అంగీకరించలేదు. అదే ఏడాది నవంబరులో తమిళ దేశంలోని అరియలూరు వద్ద మరుదయ్యారు మీది వంతెన దగ్గర మరో రైలు వరదపాలైనప్పుడు శాస్త్రి పట్టుబట్టి పదవి వదిలారు. ఆ రాజీనామా ప్రజల జ్ఞాపకంలో నైతికతకు గుర్తుగా నిలిచింది. ఆ తరువాత జరిగిన పని అంతగా ప్రచారంలోకి రాకపోయినా, భవిష్యత్తు ప్రయాణికులకు ఎక్కువ మేలు చేసింది అదే. 1957–59 మధ్య ఎ. ఎన్. ఖోస్లా అధ్యక్షతన పనిచేసిన ఇంజనీర్ల సంఘం, వంతెనల వరద లెక్కకు పాత సూత్రాలు చాలవని, కనీసం 50 ఏళ్ల వరద రికార్డును ఆధారం చేసుకోవాలని, అలాంటి రికార్డు లేని వాగులకు వర్షపాతం, వాలు, నేల స్వభావం కొలిచి లెక్క కట్టాలని సిఫారసు చేసింది. దాని ఫలితంగా దేశాన్ని వాన తీరు, నేల తీరును బట్టి 26 ఉపమండలాలుగా విభజించి, ఒక్కొక్క దానికి వరద అంచనా పద్ధతిని కేంద్ర జలసంఘం, రైల్వే పరిశోధనా సంస్థ, వాతావరణ శాఖ, రవాణా శాఖ కలిసి తయారు చేశాయి.

50 ఏళ్ల వరద అన్న మాట వినేవారికి తరచుగా అపార్థం కలుగుతుంది. 50 ఏళ్లకు ఒకసారి మాత్రమే వచ్చే వరద అని దాని అర్థం కాదు. ఏ సంవత్సరమైనా అంతటి వరద గాని అంతకు మించినది గాని వచ్చే అవకాశం నూటికి రెండు వంతులు అని అర్థం. ఆ లెక్కన 50 ఏళ్లు నిలిచే వంతెన తన జీవితకాలంలో ఒక్కసారైనా అంతటి వరదను చూసే అవకాశం నూటికి దాదాపు 64 వంతులు. అంటే ఆ వరద వస్తుందా రాదా అన్నది కాక, వచ్చినప్పుడు వంతెన దాన్ని ఎలా పోనిస్తుందన్నదే రూపకర్త ముందున్న ప్రశ్న.

కొత్త పద్ధతులు కొత్త వంతెనలకు వర్తించాయి, అప్పటికే నిలిచి ఉన్న వేలాది చిన్న కట్టడాలు పాత లెక్కతోనే ఉండిపోయాయి. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున రేపల్లె నుంచి తెనాలి, గుంటూరు మీదుగా సికింద్రాబాదు వెళ్లే డెల్టా ఫాస్ట్ ప్యాసింజర్, నల్లగొండ జిల్లా రామన్నపేట–వలిగొండ మధ్య ఒక చిన్న వంతెన కొట్టుకుపోయిన చోట వాగులో పడింది. చనిపోయిన వారి సంఖ్య కనీసం 114. గుంటూరు జిల్లా వాసులు సికింద్రాబాదుకు తక్కువ ఖర్చుతో వెళ్లే రైలు అది. భారీ వానలకు వచ్చిన మెరుపు వరద పట్టాల కింది ఆధారాన్ని తినేసింది. 1956 నాటి దుర్ఘటనల్లో ఉన్న కారణాల పొందికే, అర్ధశతాబ్దం తరువాత, రాత్రి వేళ, చిన్న వాగు మీద మళ్లీ ఎదురైంది.

నీరు వంతెనను కూల్చే తీరు బయటి నుంచి కనిపించదు. ప్రవాహం స్తంభానికి తగిలినప్పుడు కొంత నీరు కిందికి మళ్లి, స్తంభం పాదం చుట్టూ సుడి తిరుగుతూ అడుగు మట్టిని తవ్వుకుపోతుంది. దీన్ని పునాది కోత అంటారు, ఇంజనీర్ల వాడుకలో స్కౌర్. ఈ కోత లోతును అంచనా వేయడానికి భారత రోడ్డు కాంగ్రెసు నియమావళి అనుసరించేది జెరాల్డ్ లేసీ 1930 ప్రాంతంలో ఉత్తర భారతపు కాలువలను చూసి చెప్పిన సూత్రం. దాని సారాంశం ప్రకారం కోత లోతు, ప్రతి మీటరు వెడల్పులో పారే నీటి పరిమాణాన్ని బట్టి పెరుగుతుంది. అప్రోచ్ కట్టలు వాగు వెడల్పును సగానికి కుదిస్తే ప్రతి మీటరులోనూ పారే నీరు రెట్టింపై, కోత సుమారు 59 శాతం లోతుకు దిగుతుంది. స్తంభం దగ్గర సుడి వల్ల ఆ లోతు ఇంకా పెరుగుతుంది కనుక, సగటు కోతకు రెట్టింపు లెక్కించి, దానికి మరో మూడో వంతు కలిపి, వరద మట్టం నుంచి అంత కిందికి పునాది దించాలని నియమం. నీటిదారిలో మిగిల్చిన ప్రతి రూపాయీ పునాది లోతులో ఖర్చు పెట్టవలసిందేనని ఈ రెండు నియమాలను పక్కపక్కన పెట్టి చదివిన వారికి అర్థమవుతుంది. పాత కట్టడాల్లో మొదటిదే జరిగింది, రెండోది జరగలేదు.

లేసీ చూసింది ఇసుక, ఒండ్రు అడుగులు. కుప్పగంజి, ఓగేరు వంటి వాగులు చాలా మేరకు జిగట రేగడిని కోసుకుని పారతాయి. ఇసుక ఒక్క వరదలోనే లేచిపోయి, వరద తగ్గుతుండగా మళ్లీ నిండుతుంది. అందుకే వరద తరువాత చూసిన తనిఖీదారుకు గొయ్యి కనిపించదు. రేగడి మెల్లగా కోతపడుతుంది, కోతపడినది మళ్లీ నిండదు. ఒక తుఫానులో అరచేయంత, మరో తుఫానులో మూరెడు చొప్పున ఏళ్ల తరబడి పోగైన నష్టం ఒక మామూలు వరదలో బయటపడుతుంది, ఆ వరదనే కారణంగా పత్రికలు రాస్తాయి. రేగడి అప్రోచ్ కట్టలకు కూడా ఇబ్బంది. తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంగే మట్టి మీద పోసిన కట్ట, స్థిరంగా ఉండే వంతెన చివరి గోడ నుంచి ఏటా కొంచెం విడిపోతుంది. ఆ సందులోకి దిగిన వాన నీరు కట్టను లోపలి నుంచి గుల్ల చేస్తుంది. రేగడిని తవ్వి తీసి ఉబ్బని మట్టిని పరచడం, సున్నం కలిపి గట్టిపరచడం వంటి పద్ధతులు ఇంజనీర్లకు దశాబ్దాలుగా తెలిసినవే. జాతీయ రహదారి మీద వాటిని పాటిస్తారు, ఊరి రోడ్ల మీది కల్వర్టుల దగ్గర ఆ ఖర్చు పెట్టడం అరుదు.

2021 నవంబరు వరదలు ఈ రెండు రకాల నష్టాలనూ ఒకే వారంలో చూపాయి. కడప–తాడిపత్రి జాతీయ రహదారి మీద కమలాపురం వద్ద పాపాగ్ని వంతెన రోజుల తరబడి వరదలో నానిన తరువాత కూలింది. అదే రోజుల్లో నెల్లూరు వద్ద పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర కట్ట కొట్టుకుపోయి రైలు పట్టాలు గాలిలో వేలాడాయి, కోవూరు వైపు జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. బలమైన పెద్ద కట్టడాన్ని వదిలి, దాని పక్కన ఉన్న మట్టిని నీరు ఎంచుకున్నప్పుడు కూడా దారి తెగినట్లే. బాపట్ల సమీపంలో తీరం దాటిన 2010 మే నాటి లైలా, 2023 డిసెంబరు నాటి మిచౌంగ్ తుఫానుల వంటివి ఈ మైదానానికి ఆగంతుకాలు కావు. ఇక్కడి కల్వర్టులు కట్టిన నాటి నుంచి కూలే నాటి వరకు ఇలాంటివి ఎన్నో చూడవలసిందే.

వాగు మోసుకొచ్చేది నీరు ఒక్కటే కాదు. 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీరు వదిలినప్పటి నుంచి, పూర్వం వేసవిలో ఎండిపోయే వాగుల్లో పొలాల మురుగు నీరు ఎక్కువ నెలలు నిలుస్తోంది. ఆ నిలవ నీటిలో గుర్రపుడెక్క, తూటికాడ, జమ్ము విస్తారంగా పెరుగుతాయి. వరద మొదటి పోటుకు అవి తెగి తెప్పలుగా కదిలి, తక్కువ ఎత్తున్న వంతెన ఖానాలకు అడ్డుపడతాయి. కాగితం మీద ఐదు ఖానాలున్న వంతెన ఆ రాత్రికి రెండు ఖానాల వంతెన అవుతుంది, పైన నీరు నిలిచి ఒత్తిడి పెరుగుతుంది, మిగిలిన రెండింటి కింద కోత తీవ్రమవుతుంది. తుఫాను కాలానికి ముందే డ్రెయిన్ల నుంచి గుర్రపుడెక్క తీయించడం వంతెన భద్రతలో భాగమేనని గుర్తించి, ఆ పనిని రోడ్డు నిర్వహణ ఖర్చులోనే చేర్చడం న్యాయంగా ఉంటుంది.

ఇసుక తవ్వకం వల్ల కలిగే హాని మరో రకం. గుండ్లకమ్మ వంటి ఇసుక నదుల్లో అడుగు మట్టం ఒక మీటరు దిగితే, పునాది ఒక మీటరు పైకి వచ్చినట్లే. 2001 మార్చి 4న పోర్చుగల్‌లో దౌరో నది మీది హింట్జె రిబెయిరో వంతెన కూలి ఒక బస్సు, మూడు కార్లలో ఉన్న 59 మంది మరణించినప్పుడు, విచారణ సంవత్సరాల తరబడి సాగిన ఇసుక తవ్వకాన్ని ఒక ప్రధాన కారణంగా చూపింది. అక్కడి మంత్రి ఆ రాత్రే రాజీనామా చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింది నిబంధనలు వంతెనల వంటి కట్టడాలకు 500 మీటర్ల లోపు ఇసుక తీయడాన్ని నిషేధించాయి. ఆ 500 మీటర్ల హద్దును నది ఒడ్డున రాళ్లు పాతి చూపకపోతే, అది కాగితం దాటి రాదు.

పైన పడే బరువు సంగతి చిన్నది కాదు. బల్లికురవ, చీమకుర్తి క్వారీల గ్రానైటు దిమ్మెలు, మార్టూరు పాలిషింగు యూనిట్ల పలకలు, గుంటూరు యార్డుకు పోయే మిరప టిక్కీలు, పత్తి బేళ్లు అన్నీ ఇదే దారిలో నడుస్తాయి. ఒక ఇరుసు మీద అనుమతించే బరువును కేంద్ర ప్రభుత్వం 2018లో 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. జాతీయ రహదారి వంతెనలు అంతకన్నా బరువైన వాహన శ్రేణులకు లెక్క కట్టినవి కనుక ఆ పెంపును తట్టుకుంటాయి. క్వారీ నుంచి ఆ రహదారికి చేరే లోపు దిమ్మె లారీ దాటే కాలువ వంతెనలకు, పంచాయతీ కల్వర్టులకు ఆ హామీ లేదు. అయినా దేశవ్యాప్త లెక్క కారణాల వరుసను స్పష్టంగా చెబుతుంది. 1977 నుంచి 2017 వరకు దేశంలో విఫలమైన 2,130 వంతెనలను పరిశీలించిన కేంద్ర రోడ్డు పరిశోధనా సంస్థ పరిశోధకులు, 80.3 శాతం ప్రకృతి ఉత్పాతాల వల్ల, 10.1 శాతం సామగ్రి క్షీణించడం వల్ల, 3.28 శాతం అధిక బరువు వల్ల పడిపోయాయని, పడిపోయే నాటికి వాటి సగటు వయసు 34.5 ఏళ్లేనని తేల్చారు. నూరేళ్లు నిలవాలని కట్టే కట్టడాలకు ఆ వయసు చాలా తక్కువ.

తనిఖీ చేశారన్న మాట కూడా సరిపోదు. 2016 ఆగస్టు 2 రాత్రి మహారాష్ట్రలో మహాడ్ వద్ద సావిత్రీ నది మీది పాత రాతి కమానుల వంతెన వరదలో కూలి రెండు ఆర్టీసీ బస్సులు కొట్టుకుపోయాయి. ఆ వంతెనను కొద్ది నెలల ముందే చూసి ప్రమాదం లేదన్నారు. నీటి పైన కనిపించే కమాను రాళ్లు గట్టిగానే ఉండవచ్చు, నీటి కింది సంగతి పైనుంచి చూసే కంటికి అందదు. అమెరికాలో 1987 ఏప్రిల్ 5న న్యూయార్క్ రాష్ట్ర రహదారి మీది స్కోహరీ వాగు వంతెన పునాది కోతకు కూలి పదిమంది మరణించాక, ఆ దేశం తన వంతెనలన్నిటినీ కోత ప్రమాదం దృష్ట్యా విడిగా పరీక్షించి, నీటి కింది తనిఖీని నియమంగా మార్చింది. అది కూడా వాగే కావడం గమనించదగింది. 2025 జూలై 9న గుజరాత్‌లోని గంభీరా వంతెన కూలడానికి కారణం నీరు కాదు, 1985 నాటి కట్టడంలో గర్డర్లను స్తంభాలకు కలిపే భాగాలు నలిగిపోవడం. పునాది ఒక్కటే చూస్తే చాలదనడానికి అది సాక్ష్యం.

చిలకలూరిపేట దగ్గర ఈ చరిత్ర అంతా నేటికీ రోడ్డు మీద పొరలు పొరలుగా కనిపిస్తుంది. 1999లో మొదలైన స్వర్ణ చతుర్భుజి పథకంలో పాత రెండు వరుసల రోడ్డు నాలుగు వరుసలుగా, తరువాత ఆరుగా విస్తరించినప్పుడు, వాడదగిన పాత వంతెనలను ఉంచి వాటి పక్కన కొత్తవి కట్టడం పద్ధతి. అందువల్ల ఒకే వాగు మీద వేర్వేరు దశాబ్దాల, వేర్వేరు వరద లెక్కల, వేర్వేరు లోతు పునాదుల వంతెనలు కొద్ది మీటర్ల దూరంలో నిలుస్తాయి. స్తంభాలు ఒకే వరుసలో లేకపోతే ఎగువ వంతెన మళ్లించిన ధార దిగువ వంతెన స్తంభానికి నేరుగా తగులుతుంది. ఐదో నంబరు రహదారి 2010లో పదహారో నంబరు అయింది, 2022లో పట్టణం పల్నాడు జిల్లాలో చేరింది, ఇటీవల పట్టణాన్ని తప్పించే ఆరు వరుసల బైపాస్ వచ్చింది. పాత రోడ్డు దాటిన వాగులనే బైపాస్ మరో చోట దాటుతుంది. రెండు కట్టల నడుమ చిక్కే పల్లం వరద వేళ తాత్కాలికపు చెరువుగా మారగలదు, దిగువ కట్ట నీటిదారి చిన్నదైతే ఎగువ వంతెన లెక్క తప్పిపోతుంది.

2016లో కేంద్రం ప్రారంభించిన భారత వంతెనల నిర్వహణ వ్యవస్థ జాతీయ రహదారుల మీది లక్షన్నరకు పైగా వంతెనలు, కల్వర్టులకు ఒక్కొక్క గుర్తింపు సంఖ్య ఇచ్చి వాటి స్థితిని నమోదు చేయడం నిజంగా పెద్ద ముందడుగు. అయితే కుప్పగంజి మీది ఒక రోడ్డు వంతెన జాతీయ రహదారుల సంస్థది, మరొకటి రోడ్లు భవనాల శాఖది, ఇంకొకటి పంచాయతీరాజ్‌ది, వాగు అడుగు జలవనరుల శాఖది. ఈ వాగును తల నుంచి నల్లమడ దాకా ఒకే వరద లెక్కకు తేవాలంటే కావలసిన వివరాలు అసాధ్యమైనవి కావు: పై చెరువుల అలుగు మట్టాలు, వాటి కట్టల ప్రస్తుత బలం, ప్రతి వంతెన దగ్గర గట్టిగా గీసిన గరిష్ఠ వరద గుర్తు, ఏటా తుఫానుల కాలం ముగిశాక డిసెంబరు చివరలో ప్రతి స్తంభం పాదం దగ్గర గడతో కొలిచిన అడుగు మట్టం, దాని పక్కనే నిరుటి కొలత.